ఎన్ని విస్తళ్ళు?

పెళ్ళికి ముందురోజు, ఎండ కాస్త వాలాక, తాతయ్య చేతిలో ఒక పుల్ల పట్టుకుని పెళ్ళివారి దొడ్లోకి వెళ్ళేవాడు. గాలి ఎటు వీస్తోందో కాసేపు నిలబడి చూసి, ఆ పుల్లతో నేలమీద పొడుగ్గా ఒక గీత గీసేవాడు, దాని పక్కనే ఇంకో గీత. ఆ రెండు గీతల మధ్య మన్ను తవ్వితే అదే గాడిపొయ్యి. మాది కోనసీమ, అంబాజీపేటకి దగ్గర్లో కాలవగట్టున ఊరు, కాస్త లోతుకి తవ్వితే చాలు చెమ్మ తగిలే నేల. అందుకని తవ్విన గాడిలో ముందు కొబ్బరి డొక్కలు పోసి, రాత్రంతా రాజేసి, మన్ను పొడిబారేదాకా ఎండబెట్టేవారు. ఆ కాలిన తడిమట్టి వాసన, పక్కన గుట్టగా పోసిన సరుగుడు కట్టెల వాసన, పందిట్లో కట్టడానికి తెచ్చిన మామిడి మండల పసరు వాసన. నాకు పెళ్ళంటే ఇప్పటికీ ముందు తగిలేవి ఈ మూడే, మల్లెపూలూ అత్తర్లూ ఆ తర్వాత.

వేసవి సెలవులివ్వగానే అమ్మ నన్ను అమ్మమ్మగారింట్లో దింపి వెళ్ళిపోయేది. వైశాఖ జ్యేష్ఠాలు ముహూర్తాల రోజులు, తాతయ్యకి ఊపిరి సలిపేది కాదు. వంటకి పిలవడానికి వచ్చినవాళ్ళు వీధరుగు మీద కూర్చుని, అమ్మమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, కట్నాలూ లాంఛనాలూ వియ్యాలవారి పేచీలూ అన్నీ వరసగా చెప్పుకుపోతుంటే తాతయ్య ఓపిగ్గా విని, చివర్లో ఒక్కటే అడిగేవాడు. "ఎన్ని విస్తళ్ళండీ?" వాళ్ళు మూడొందలంటే మనసులో మూడొందల యాభై వేసుకునేవాడు, గొప్పకి ఎనిమిదొందలంటే ఆరొందలు. ఆ ఇంటి చుట్టరికాలు ఎంతదూరం పాకాయో, గోదావరి అవతలనుంచి ఎంతమంది పంటు దాటి రావాలో, ఆ రోజు చుట్టుపక్కల ఇంకెన్ని పెళ్ళిళ్ళున్నాయో అన్నీ ఆ లెక్కలోకి వచ్చేవి. తర్వాత మావయ్య పాత నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, తాతయ్య చెబుతుంటే సరుకుల చీటీ రాసేవాడు. బియ్యం బస్తాల్లో, కందిపప్పు కుంచాల్లో, చింతపండూ బెల్లమూ వీశల్లో, ఇంగువ తులాల్లో. దేశంలో కిలోలు వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా తాతయ్య నోట వీశలే పలికేవి. వీశని కిలో నాలుగు వందల గ్రాములుగా మార్చి రాసుకోవడం మావయ్య వంతు, కొట్టువాడికి అర్థం కావాలి కదా.

పెళ్ళిరోజు తెల్లవారుజామున మూడింటికే లేచేవాడు. "దాన్ని లేపకండి, పసిపిల్ల" అని అమ్మమ్మ అంటూండగానే నేను పరికిణీ బిగించుకుని గుమ్మంలో ఉండేదాన్ని. ముందు తాతయ్య, వెనక తెడ్లూ జల్లిగరిటెలూ గోనెసంచిలో కట్టి సైకిలు మీద పెట్టి నడిపించుకొచ్చే సహాయకులు, వాళ్ళ వెనక నేను. చీకట్లో కొబ్బరాకులు గలగలమన్నా, నీళ్ళలో చేప ఎగిరిపడినా నేను బిగుసుకుపోయేదాన్ని, తాతయ్య వెనక్కి తిరక్కుండానే "వస్తున్నావా అమ్మాయ్?" అనేవాడు. అక్కడికి చేరాక కాలవలో మునిగి, తడిబట్టతో వచ్చి, పొయ్యికి పసుపు రాసి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం అంటించేవాడు. ఇక అక్కణ్ణించి పరుగులే. గుండిగ చెవుల్లో కర్ర దూర్చి ఇద్దరు మోసుకొచ్చి గంపల్లోకి వంచితే గంజి పాయలుగా పారేది. తాటాకు చాపల మీద తెల్లబట్ట పరిచి అన్నం రాశి పోసేవారు. ఓ పక్క కందాబచ్చలి, ఓ పక్క ఆనపకాయా గుమ్మడికాయా ములక్కాడలూ చిలగడదుంపలూ కలిపి బెల్లం వేసిన దప్పళం, ఇంకో పక్క తోపు గరిటెజారుగా ఉందో లేదో చూసి మూకుట్లోకి వదులుతున్న పూర్ణం బూరెలు. మొదటి వాయి బూరెల్లో ఒకటి చిట్లితే ఆ చిట్లినది నాది.

అన్ని పనులూ అందరికీ పంచేవాడు కానీ పనసకాయ కొట్టడం మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. చేతులకీ కత్తికీ నూనె పట్టించి, లేత పనసకాయ చెక్కు తీసి, చెక్కదిమ్మ మీద ఆనించి కొట్టడం మొదలెడితే కత్తి కంటికి ఆనేది కాదు, చప్పుడే. ఆ చప్పుడు ఆగకుండా, హెచ్చకుండా, తగ్గకుండా నడిచేది, మేళంవాళ్ళు సైతం అటుకేసి చూసేవారు. పొట్టు బియ్యపు నూకంత సన్నగా రాలేది. దాన్ని ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, నీళ్ళు పిండి, చింతపండు గుజ్జు పట్టించి, శనగపప్పూ మినప్పప్పూ ఎండుమిరపకాయలూ అల్లమూ కరివేపాకూ జీడిపప్పూ పోపులో కలిపి, కిందికి దింపేసి, కాస్త వేడి తగ్గాక ఆవముద్ద కలిపేవాడు. ఆవ ఎప్పుడూ చివరే. పొయ్యి మీదుండగా వేస్తే చేదెక్కుతుంది. ఈ ఒక్క సంగతి ఆయన సహాయకులకి ప్రతి పెళ్ళిలోనూ కొత్తగా చెప్పేవాడు, వాళ్ళు ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తలూపేవాళ్ళు.

ఇంత వండీ ఒక్క చుక్క నోట్లో వేసుకునేవాడు కాదు. దేవుడికి నివేదన కాకుండా, బంతిలో వాళ్ళు ఆపోశనం పట్టకుండా వంటవాడు రుచి చూస్తే ఎంగిలి. మరి ఉప్పు సరిపోయిందని ఎలా తెలుస్తుంది తాతయ్యా అని నేనడిగితే వేలితో ముక్కు చూపించాడు. తెడ్డుతో కలిపి, పైకి ఎత్తి, ఆ ఆవిరిని అరచేత్తో తనవైపు తోసుకుని కళ్ళు మూసుకునేవాడు. పులుసు ఉడికే చప్పుడు వినేవాడు. పల్చగా ఉన్నప్పుడు గలగలా, చిక్కబడ్డాక గుబగుబా. అరిటాకు ముక్క మీద ఒక బొట్టు వేసి అది ఎంతదూరం జారుతుందో చూసేవాడు. ఉప్పుకి వాసనేమిటని చదువుకునే రోజుల్లో నాకూ అనుమానం వచ్చింది. కానీ ఉప్పు పడ్డాక పులుసు వాసన మారుతుంది, అంతవరకూ గిన్నెలో అణిగి ఉన్నవన్నీ పైకి లేస్తాయి. ఇప్పుడు నా వంటింట్లో చూసుకుంటుంటాను, నిజమే. ఆయనకి తెలిసినంత సూక్ష్మంగా నాకు తెలియదు, అది వేరే సంగతి.

బయట వందలమందికి వండే మగవాళ్ళు ఇంటికొస్తే మంచినీళ్ళైనా తమంతట తాము ముంచుకోరు. తాతయ్య మాత్రం ఆషాఢమాసం వానల్లో, పిలుపులు లేని రోజుల్లో, పొద్దున్నే వంటింట్లో చేరేవాడు. ఆరుగురికి వండటం ఆయనకి చేతనయ్యేది కాదు. పప్పు ఎంత తగ్గించి పోసినా ఇరవైమందికి అయ్యేది, అమ్మమ్మ గిన్నెలు పట్టుకుని ఇరుగింటికీ పొరుగింటికీ తిరిగేది, వానలో తాటాకు గొడుగు వేసుకుని వెనక నేను. వండుతున్నంతసేపూ ఆవిడ పక్కనే పీట వేసుక్కూర్చునేది. చింతపండు నానబెట్టి ఉంచేది. పోపులపెట్టె మూత తీసి ముందుకు జరిపేది. ఇంగువ డబ్బా ఆయన చెయ్యి చాచకముందే చేతిలో ఉండేది. ఇంట్లో నివేదన అయ్యాక మొదటి ముద్ద ఆవిడే తిని, "ఊఁ, ఫరవాలేదు" అనేది. అంతకు మించి ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఆయన దానికోసమే వండేవాడని మా అమ్మ అంటుంది.

ఒక్కసారే తాతయ్య వడ్డించకముందు రుచి చూశాడు. 1996లో, దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, పండక్కని ముందే వచ్చి ఉన్నాం అమ్మా నేనూ. నవంబరు 6 సాయంత్రం మొదలైన గాలి రాత్రంతా ఆగలేదు. అది ఈల కాదు, అరుపూ కాదు, ఇంటి చుట్టూ ఒకే లారీ తిరుగుతున్నట్టు ఉండేది. మధ్యమధ్య కొబ్బరిచెట్లు పడిపోతున్న దబ్బుదబ్బు చప్పుళ్ళు మొదట లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. తెల్లారి తలుపు తీస్తే ముందు కనిపించింది ఆకాశం. మా దొడ్లోంచి అంత ఆకాశం అంతకుముందు ఎప్పుడూ కనపడలేదు. లంకల్లోంచీ పల్లపు పేటల్లోంచీ జనం బడి భవంతిలోకి చేరారు, తడిసిన దుప్పట్లతో, కోళ్ళతో, ఏడవడం కూడా మానేసిన పిల్లలతో. తాతయ్య ఎవరూ పిలవకుండానే వెళ్ళి బడి వెనక గట్టుమీద గాడి తవ్వించాడు. కట్టెలన్నీ తడివి. బడి పాత బల్లలు రెండు విరగ్గొట్టడానికి హెడ్మాస్టరు ఒప్పుకున్నాడు. ఎవరింట్లో మిగిలిన బియ్యం వాళ్ళు తెచ్చారు, కొన్ని వరదనీళ్ళు తగిలినవి. పెసరపప్పు కొంచెం. రాలిన కొబ్బరికాయలకి మాత్రం కరువు లేదు, పది మంది కూర్చుని కోరారు. మడీ లేదు, నివేదనా లేదు. గుండిగ దించాక తాతయ్య గరిటెతో కొంచెం తీసి, ఊది, నోట్లో వేసుకుని నమిలి, కాసేపు ఆగి, అప్పుడు వడ్డించమన్నాడు. పాడైన బియ్యమేమోనని, ముందు పిల్లలు తింటారని. ఆ రోజు ఎన్ని విస్తళ్ళని అడగలేదు. అసలు విస్తళ్ళే లేవు, గాలికి ఊళ్ళో అరిటాకులన్నీ పీలికలైపోయాయి.

ఆ తర్వాత ఊళ్ళో కొబ్బరితోటలు మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది, పెళ్ళిళ్ళు కొన్నాళ్ళు పలచబడ్డాయి. ఈలోగా గ్యాసు బర్నర్లు వచ్చాయి, కల్యాణమంటపాలు వచ్చాయి, మెనూ కార్డు చూపించే కేటరింగువాళ్ళు వచ్చారు. తాతయ్యని తద్దినాలకీ సత్యనారాయణ వ్రతాలకీ పిలిచేవారు, తర్వాత అవీ తగ్గాయి. గుండిగలకి కళాయి పెట్టే మనిషి రావడం మానేశాడు. వాటిల్లో కొన్ని అమ్మేశారు, ఒకటి నీళ్ళ తొట్టి అయింది. ఆయన ఫిర్యాదు చెయ్యలేదు. ఇంటి వంట ఎక్కువ చేశాడు, అంతే.

అమ్మమ్మ పోయింది. ఏడాది తిరక్కుండా దప్పళంలో ఒక రోజు ఉప్పు లేదు, ఇంకో రోజు రెండింతలు. పెద్దాయన, దిగులు మీదున్నాడు, ఎవరం అనలేదు. అందరం మజ్జిగ కలుపుకుని తిన్నాం. ఇంగువ డబ్బా వారంలో ఖాళీ అయ్యేది. పాలు మాడి ఇల్లంతా కమరుకంపు కొడుతుంటే పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడని అత్తయ్య చెప్పినప్పుడు చెవుడు కూడా వచ్చిందేమో అనుకున్నాం, వాసనకీ చెవికీ ఏమిటి సంబంధమని ఎవరికీ తట్టలేదు. తర్వాత ఓ రాత్రి అత్తయ్య హైదరాబాదులో ఉన్న నాకు ఫోను చేసి, ఊరి కబుర్లన్నీ అయ్యాక, గొంతు తగ్గించి, "మావయ్యగారు ఇవాళ ఆవ పొయ్యి మీదుండగానే వేసేశారే" అంది. కూర చేదెక్కిందట. ఆయన రెండోసారి వడ్డించుకు తిన్నాడట.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాం. పోయేముందు రెండు మూడేళ్ళుగా అమ్మమ్మ గిన్నెలు వరసగా పేర్చి పెట్టేది, మొదట వెయ్యాల్సింది ఆయన ఎడమచేతి వైపు, చివర వెయ్యాల్సింది కుడిచేతి వైపు. ఉప్పు తనే వేసేది, "మీ చేతులు జిడ్డుగా ఉన్నాయి" అని వంక పెట్టి. ఆవిడకి తెలిసిందని మాకెవరికీ తెలియనివ్వలేదు. ఆయనకీ తెలియనిచ్చిందో లేదో.

హైదరాబాదులో నరాల డాక్టరు దగ్గర చాలాసేపు కూర్చున్నాం. ఇవాళ ఏ నెల అని అడిగితే తాతయ్య తడుముకోకుండా "వైశాఖం" అన్నాడు. బయట కార్తీకమాసం చలి. ఆ తర్వాత ఎన్నిసార్లడిగినా, ఎవరడిగినా, ఆయనకి వైశాఖమే. మతిమరుపనీ చాదస్తమనీ పెద్దతనమనీ మేం పిలుచుకుంటున్నదాన్ని డాక్టరు అల్జీమర్స్ అన్నాడు. వాసన తెలియకపోవడం చాలామందిలో ముందే మొదలవుతుందనీ, మెదడులో వాసన వెళ్ళే దారీ కొత్త జ్ఞాపకాలు నిలిపే చోటూ పక్కపక్కనే ఉంటాయనీ, జబ్బు మొదట తాకేది ఆ చుట్టుపక్కలేననీ బొమ్మ గీసి చూపించాడు. మాత్రలు రాశాడు, అవి జబ్బుని నయం చెయ్యవనీ, కొన్నాళ్ళపాటు కొంత ఆసరా ఇవ్వచ్చనీ ముందే చెప్పాడు. ఎన్ని భాషలొచ్చని కూడా అడిగాడు. తాతయ్య కుర్రతనంలో కాశీలో తెలుగు యాత్రికులకి వండిపెట్టి వచ్చాడు, హిందీ బాగానే మాట్లాడేవాడు. ఆ ప్రశ్న ఎందుకో తర్వాత తెలిసింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, ఆమెతోటి వైద్యులూ డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించి, ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడిందని 2013లో ప్రచురించారు. చదువురాని వాళ్ళలోనూ ఆ తేడా కనిపించిందట. కాశీ మాకు ఏ కొంచెమైనా వ్యవధి ఇచ్చిందేమో. ఇచ్చి ఉంటే దాన్ని అమ్మమ్మ బాగా వాడుకుంది.

ఆ రోజుల్లో నేను ఈ జబ్బు గురించి దొరికినదల్లా చదివాను. ఈ జబ్బుతో అలోయిస్ అల్జీమర్ చూసిన తొలి రోగి అగస్టె డీటర్ అనే ఆవిడ, 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో మధ్యాహ్నం క్యాలీఫ్లవరూ పందిమాంసమూ తింటుంటే ఏం తింటున్నావని ఆయన అడిగాడు. పాలకూర అంది. నేనది చదివిన నెలలోనే తాతయ్య నాతో వంకాయ కూర తింటూ "కంద బాగా ఉడికింది" అన్నాడు. నేను అవునన్నాను. 1901లో ఆ డాక్టరు ఏమన్నాడో నాకు తెలియదు.

చూసుకున్నది అత్తయ్య. ఇక్కడొక మాట చెప్పాలి, అత్తయ్యకి వంటంటే ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు, ఆ సంగతి దాచుకోదు. ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టినప్పటినుంచీ ఆవిడ చేసిన చారుని ఆయన చేసిన చారుతో పోల్చని చుట్టం లేడు. తాతయ్య మాత్రం ఎన్నడూ పోల్చలేదు, ఏం పెట్టినా తిని చెయ్యి కడుక్కునేవాడు. దానికి బదులు తీర్చానంటుందేమో అని ఒకసారి అడిగితే, "బదులేంటే, మనిషి ఇంట్లో ఉన్నాడుగా" అంది.

గ్యాసు సిలిండరుకి రాత్రిపూట రెగ్యులేటరు ఊడదీసి బీరువాలో పెట్టింది. కత్తిపీట అటక మీదికి ఎక్కింది. తాతయ్య మూడింటికే లేచి తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళేవాడు, ఖాళీ పొయ్యి ముందు నిలబడి ఎవరెవరినో, ఎప్పుడో పోయిన సహాయకుల్ని, పేర్లు పెట్టి కేకలేసేవాడు. మొదట్లో మావయ్య చెయ్యిపట్టుకుని మంచం మీదికి తీసుకొచ్చి "నాన్నా, ఇవాళ పెళ్ళిళ్ళేం లేవు" అని చెప్పేవాడు. ఆ మాటకి తాతయ్య మొహం పడిపోయేది. వైశాఖంలో పెళ్ళిళ్ళు లేకపోవడమేమిటి? ఎవరో పోయి ఉండాలి. ఎవరు పోయారని అడిగేవాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సి వచ్చేది, ఆయన అమ్మమ్మ పోయినట్టు అప్పుడే విన్నట్టు ఏడ్చేవాడు.

సాయంత్రం దీపాలవేళ ఇంకా కష్టం. పందిరి దగ్గరికి వెళ్ళాలి, పొయ్యి చూసుకోవాలి అని గుమ్మం దాటబోయేవాడు. ఇంటికెవరొచ్చినా ఒకటే ప్రశ్న. "ఎన్ని విస్తళ్ళండీ?" మావయ్య స్నేహితుడొకాయన సరదాకి అయిదొందలన్నాడు. అంతే, ఆ రాత్రి తెల్లవార్లూ ఆయన చేతులు ఆగలేదు, గిన్నెలన్నీ వరండాలోకి మోసుకొచ్చి మళ్ళీ లోపలికి మోశాడు, బియ్యం చాలవని, పప్పు నానలేదని. మర్నాడు అత్తయ్య వీధి గుమ్మంలోనే నిలబడి, వచ్చినవాళ్ళకి కాళ్ళు కడుక్కోకముందే చెప్పడం మొదలుపెట్టింది. అడిగితే పదిమందని చెప్పండి, ఇంకో మాట వద్దు. "పది విస్తళ్ళే మావయ్యగారూ, ఇంటివాళ్ళే" అంటే ఆయన భుజాలు దిగేవి. "పదిమందికి ఎంతసేపు" అనేవాడు. వంటైపోయిందంటే ఎవరు చేశారని అడిగేవాడు. "మీరే చేశారుగా." "ఇంగువ వేశానా?" "వేశారు. బాగుంది." కన్నతండ్రికి రోజూ అబద్ధం చెప్పడమేమిటని మావయ్యకి మనసొప్పలేదు. నిజం చెప్పినవాళ్ళే రాత్రి మేలుకుని కూర్చోండి అంది అత్తయ్య. ఆ వాదన అంతటితో ముగిసింది.

పేర్లు పోయాయి, ఊళ్ళు పోయాయి, హిందీ అన్నిటికంటే ముందే పోయింది. చేతులు పోలేదు. చేతికి అలవాటైన పని మెదడులో వేరే చోట ఉంటుందనీ, అందుకే అది ఎక్కువకాలం నిలుస్తుందనీ డాక్టరు చెప్పాడు కానీ, అత్తయ్య అది ఆయన చెప్పకముందే కనిపెట్టింది. ఓ సాయంత్రం చిక్కుడుకాయలు పళ్ళెంలో పోసి తన పని తను చేసుకుంటుంటే, గుమ్మంలో నిలబడి వెళ్తానంటున్నవాడు వచ్చి కూర్చుని ఈనెలు తియ్యడం మొదలెట్టాడట. అప్పటినుంచి నాలుగు గంటలయ్యేసరికి ఆయన ముందు ఏదో ఒకటి ఉండేది. మొదట్లో చిక్కుడుకాయలు, గోరుచిక్కుళ్ళు. అవి తుంచడం కుదరనప్పుడు చింతపండులో గింజలూ పీచూ ఏరడం. అదీ తడబడ్డాక కరివేపాకు దూయడం. దూసింది రెమ్మలతో కలిపి మళ్ళీ ముందు పెట్టినా ఆయనకి అభ్యంతరం ఉండేది కాదు. ఒక సెలవులకి నేను వెళ్ళినప్పుడు పనసపొట్టు కొట్టిన ప్యాకెట్టు కొనుక్కొచ్చాను, ఆయన పిడికెడు తీసి అరచేతిలో పరిచి చూసి, "ముతక" అన్నాడు. ఆ రోజంతటిలో ఆయనన్న మాట అదొక్కటే.

చివరి ఏడు ముద్ద మింగడం కష్టమైంది. పప్పన్నం మెత్తగా పిసికి, చెంచాతో కొంచెం కొంచెం పెట్టి, గుటక పడిందో లేదో గొంతు చూసి, అప్పుడు ఇంకో చెంచా. పూటకి గంట పట్టేది. తీపి మాత్రం నోరు తెరిచి అడిగేవాడు, అత్తయ్య బూరెలు చెయ్యదు కానీ శనగపప్పూ బెల్లమూ ఉడికించి పూర్ణం చేసి, పాలతో జారుగా కలిపి పెట్టేది. ఉప్పూ పులుపూ ఆయన నాలుకకి తెలిసేవో లేదో. ఒకోసారి చెంచా నోటి దగ్గరికి రాగానే ఆగి, చెంచాని పక్కకి తోసి, ఎదురుగా ఉన్నవాళ్ళవైపు చూపించేవాడు. వాళ్ళు ముందు తినాలి. మావయ్య ఓ ముద్ద తిన్నట్టు నటిస్తే అప్పుడు తినేవాడు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 88 లక్షలమందికి డిమెన్షియా ఉండొచ్చని 2023లో ఒక అంచనా వెలువడింది. అది చదువుతుంటే నాకు ఆ చెంచా గుర్తొచ్చింది, పూటకో గంట చొప్పున 88 లక్షల ఇళ్ళు.

ఆయన పోయింది ఒక మాఘమాసంలో. పన్నెండోరోజుకి కేటరింగువాళ్ళు వచ్చారు. బాగానే చేశారు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, చెరువుగట్టు మీద ఉండే ఒకతను వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "మా అమ్మ అసలు పడుకోట్లేదండి. రాత్రేళ లేచి తలుపులు బాదేస్తందండి. నన్నే ఎవుడ్రా నువ్వంటందండి. పెద్దాయన్ని మీరు చూసుకున్నారని, ఓ మాట అడిగెళ్దామని" అన్నాడు. అత్తయ్య డాక్టరుకి చూపించారా, మాత్రలు ఆపకుండా వేస్తున్నారా, రాత్రి తలుపుకి పైగడియ ఉందా, మధ్యాహ్నం ఎక్కువసేపు పడుకోనిస్తున్నారా, ఎవరెవరు చూస్తున్నారు అని వరసగా అడిగింది. అతని భార్య ఒక్కతే చూస్తోందట. ఆ అమ్మాయిని వారానికోరోజైనా పుట్టింటికి పంపమంది. అతను తలూపాడు కానీ వినలేదని ఇద్దరికీ తెలుసు.

"మీ అమ్మ ఏం పని చేసేది?"

"పీచు తాడు పేనేదండి. పెళ్ళి కాకముందు నించీ అదే పనండి ఆయ్. మిషన్లొచ్చాక మానేసింది."

"ఇంట్లో పీచుందా?"

అతను బుర్ర గోక్కున్నాడు. అత్తయ్య లోపలికి తిరిగి మావయ్యని కేకేసింది. "ఏవండీ, అంబాజీపేట వెళ్తున్నారు కదా, వచ్చేటప్పుడు ఓ కట్ట కొబ్బరిపీచు పట్రండి." మావయ్య చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఎంత తేవాలన్నాడు. అత్తయ్య జవాబు చెప్పేలోపే ఆ మనిషి అరుగు మీద కూర్చుంటూ, "మెత్తటిదైతే మేలండి, బాగా నానింది. ఆవిడ చేతులు ఇప్పుడు గట్టి పీచుకి ఓర్చవండి" అన్నాడు.